పర్సంటైల్ 62: ఎవరితో పోల్చి చెప్పిన లెక్క?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. స్కూల్లో ఈ మధ్య ఆప్టిట్యూడ్ పరీక్ష పెట్టారు. సంఖ్యలతో తర్కించడంలో 62 పర్సంటైల్, భాషలో 79, ఆకారాలను మనసులో ఊహించడంలో 27 వచ్చాయి. గత ఏడాది ఇదే పరీక్షలో సంఖ్యల విభాగంలో 66 ఉండేది. స్కూలు పరీక్షల్లో మాత్రం లెక్కల్లో ఎప్పుడూ 85 మార్కులకు తగ్గదు. తనకు ఇంజనీరింగ్ చదవాలని కోరిక. రిపోర్టు చూశాక వాళ్ల నాన్నగారు భాషల వైపు పంపడమే మేలంటున్నారు. పాప రెండు రోజులుగా ముభావంగా ఉంది. లెక్కల్లో వెనకబడుతోందా? పరీక్ష మళ్లీ రాయించమంటారా? రిపోర్టు కాపీ జత చేస్తున్నాను. — ఒక తల్లి

జవాబు: అమ్మా, రిపోర్టు మొత్తం చదివాను. ముందు పాపతో ఒక మాట చెప్పండి. 62 అనేది తనకు వచ్చిన మార్కులు కావు. పరీక్ష తయారుచేసినవాళ్లు పోలిక కోసం ఎంచుకున్న తొమ్మిదో తరగతి పిల్లల్లో నూటికి 62 మంది కంటే తన స్కోరు ఎక్కువగా ఉంది, అంతే. వందకు 38 పోగొట్టుకున్నానని తను అనుకుంటూ ఉండవచ్చు. ఈ రిపోర్టులు చేతికిచ్చే పద్ధతి చూస్తే అలా అనుకోవడంలో పిల్లల తప్పేమీ లేదు. పెద్ద అంకెలు, రంగురంగుల గీతలు వేస్తారు. వాటి అర్థం మాత్రం చివరి పేజీలో, భూతద్దం పెట్టి చదవాల్సినంత చిన్న అక్షరాల్లో వేస్తారు.

స్కూల్లో 85 మార్కులు, ఇక్కడ 62 పర్సంటైల్. ఈ రెండింటిలో ఏది నిజమన్న సందేహం మీ ఉత్తరంలో కనిపించింది. రెండూ నిజమే. మార్కులు పాపకూ ప్రశ్నపత్రానికీ మధ్య లెక్క, పర్సంటైల్ పాపకూ తోటి పిల్లలకూ మధ్య లెక్క. ప్రశ్నపత్రం తేలికగా ఉండి తరగతిలో సగం మందికి 90 దాటితే, 85 తెచ్చుకున్న పిల్ల నడిమికి దిగువన ఉంటుంది. ప్రశ్నపత్రం కఠినంగా ఉంటే సగం ప్రశ్నలు చేసిన పిల్ల కూడా 90 పర్సంటైల్ దగ్గర నిలవవచ్చు. ఈ రెండు రకాల కొలతలనూ వేరువేరుగా చూడాలని 1963లో రాబర్ట్ గ్లేసర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్పష్టంగా రాశారు. ఒకటి ఫలానా పని చేయడం వచ్చిందా రాలేదా అని చూస్తుంది. రెండోది మిగతావాళ్ల మధ్య ఎక్కడ ఉన్నారో చూస్తుంది. బీజగణితంలో సమీకరణం సాధించడం పాపకు వచ్చో రాదో 62 అన్న అంకె చెప్పలేదు. అది టీచరుకు తెలుసు, పాప నోటుబుక్కుకు తెలుసు.

పర్సంటైల్ కనిపించిన ప్రతిచోటా మొదట అడగవలసిన ప్రశ్న ‘ఎవరితో పోల్చి?’ అన్నదే. నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల్లో ఆ ప్రశ్న అడిగేవాళ్లు చాలా తక్కువ. ఒకే పిల్ల, ఒకే రోజు రాసిన ఒకే జవాబు పత్రానికి మూడు రకాల పర్సంటైల్ రావచ్చు. తన తరగతిలోని 30 మందితో పోలిస్తే ఒకటి, దేశమంతటి నుంచి నమూనాగా ఎంచిన పిల్లలతో పోలిస్తే ఇంకొకటి, గణిత పోటీకి పేరిచ్చిన పిల్లలతో పోలిస్తే మరొకటి. చదువు మీద గట్టిగా పట్టుపట్టే స్కూల్లో మధ్యస్థంగా ఉన్న పిల్ల విశాలమైన పోలికలో చాలా పైకి రావచ్చు. మామూలు తరగతిలో మొదటి స్థానం తెచ్చుకున్న పిల్లవాడు ఎంపిక చేసిన గుంపులోకి వెళ్లగానే నడిమికి దిగుతాడు. ఆ ఇద్దరి తెలివీ రాత్రికి రాత్రి మారలేదు, చుట్టూ ఉన్న గుంపు మారింది. గుంపు చిన్నదైతే ఇంకో చిక్కు ఉంది. 30 మంది ఉన్న తరగతిలో ఒక్కరిని దాటితే పర్సంటైల్ మూడుకు పైగా పెరుగుతుంది, ఒక్కరు దాటిపోతే అంతే పడిపోతుంది. అలాంటి అంకెతో బెంగపెట్టుకోవడం అనవసరం.

మీ రిపోర్టులో పోలిక బృందం గురించి ‘జాతీయ నమూనా’ అని మాత్రమే ఉంది. ఆ నమూనాను ఏ సంవత్సరంలో సేకరించారో రాయలేదు. ఇది చిన్న లోపం కాదు. 1987లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో జాన్ కానెల్ అనే వైద్యుడు ప్రాథమిక పాఠశాలల పరీక్షా ఫలితాలు సేకరించి చూస్తే, దేశంలోని 50 రాష్ట్రాలూ తమ పిల్లలు జాతీయ సగటు కంటే పైన ఉన్నారనే చెబుతున్నాయి. అందరూ సగటుకు పైన ఎలా ఉంటారు? ఆ సగటు ఎన్నో ఏళ్ల కిందట రాసిన పిల్లలది. పైగా అవే ప్రశ్నపత్రాలు మళ్లీ మళ్లీ వాడుతుంటే స్కూళ్లు వాటికి తగ్గట్టు పాఠం చెప్పడం మొదలుపెట్టాయి. తెలివితేటల పరీక్షల్లోనూ సగటు ఇలాగే పైకి జరుగుతోందని జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు 1984లో చూపించారు. అమెరికాలో సగటు స్కోరు పదేళ్లకు మూడు పాయింట్ల చొప్పున పెరుగుతూ వచ్చింది. అందుకే ఆ పరీక్షల సగటును ఎప్పటికప్పుడు మళ్లీ 100 దగ్గరకు సరిచేస్తారు. పాత నమూనాతో పోల్చిన అంకె పిల్లను ఉన్నదానికంటే ఎక్కువగా చూపించవచ్చు. కాబట్టి స్కూలుకు ఫోను చేసినప్పుడు అడగవలసిన మొదటి విషయం ఆ సంవత్సరమే.

ఇక 66 నుంచి 62కు దిగడం. గత ఏడాది పాపను ఎనిమిదో తరగతి పిల్లలతో పోల్చారు, ఈసారి తొమ్మిదో తరగతి వాళ్లతో. ఈ ఏడాదిలో పోలికలో ఉన్న పిల్లలంతా చదువుకున్నారు, అందరూ ముందుకు నడిచారు. 66 దగ్గరే ఆగి ఉంటే, పాప కూడా వాళ్లతో సమానంగా ఒక ఏడాది పెరిగిందని అర్థమయ్యేది. పర్సంటైల్ మారలేదంటే ఏమీ నేర్చుకోలేదనుకునే పొరపాటు టీచర్లు కూడా చేస్తుంటారు. నాలుగు తగ్గింది కదా అంటారేమో, ఆ నాలుగు ఎంతో చూద్దాం.

పిల్లలందరినీ ఎత్తు ప్రకారం వరుసగా నిలబెట్టారనుకోండి. వరుస నడిమిలో ఒకరికీ పక్కవాళ్లకీ తేడా వెంట్రుకవాసి ఉంటుంది. అక్కడ బూటు మడమ కాస్త ఎత్తుగా ఉన్నా పది మందిని దాటేయవచ్చు. చివర్లో ఉన్న పొడగరుల మధ్య మాత్రం తేడా కంటికే కనిపిస్తుంది, ఒక్కరిని దాటాలన్నా బాగా ఎదగాలి. పరీక్ష స్కోర్లూ అంతే, నడిమిలో కిక్కిరిసి, అంచుల్లో పలచబడి ఉంటాయి. అందుకే నడిమిలో పర్సంటైల్ చిన్న గాలికే ఊగుతుంది. ఈ ఊగిసలాట కనిపించకుండా ఉండేందుకు మరో కొలత వాడతారు. మీ రిపోర్టులో పర్సంటైల్ పక్కన సన్నగా ‘టి-స్కోరు’ అని ఒక గడి ఉంది, చూడండి. 1922లో విలియం మెకాల్ తెచ్చిన పద్ధతి అది. సగటును 50గా పెట్టి, ఒక ప్రామాణిక విచలనాన్ని (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతను) 10 పాయింట్లుగా లెక్కిస్తారు. ఈ కొలతలో అడుగులన్నీ సమానం. పాప టి-స్కోరు గత ఏడాది 54, ఈ ఏడాది 53. మీ ఇంట్లో రెండు రోజుల మౌనానికి కారణమైన పతనం ఒక్క పాయింటు! పర్సంటైల్‌లో చూస్తే, ఒకే మూడు పాయింట్ల ప్రయాణం నడిమిలో ఒకలా, పైన ఒకలా కనిపిస్తుంది. టి-స్కోరు 50 నుంచి 53కు పెరిగితే పర్సంటైల్ 50 నుంచి 62కు ఎగబాకుతుంది. 70 నుంచి 73కు పెరిగితే 98 నుంచి 99కి కదులుతుంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనిక వైమానిక దళం పరీక్షల కోసం ఇంకా మోటు కొలత ఒకటి వాడింది, 1 నుంచి 9 వరకు తొమ్మిది మెట్లు. నడిమి మూడు మెట్ల మీదే నూటికి 54 మంది ఉంటారు. ఆ లెక్కన మీ పాప గత ఏడాదీ ఆరో మెట్టే, ఈ ఏడాదీ ఆరో మెట్టే. ఇంటికి పంపే కాగితం మీద ఈ మోటు అంకె ఒక్కటే ఉంటే బాగుంటుందని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. ఇక కొన్ని రిపోర్టుల్లో ‘తరగతి స్థాయి 11.2’ అని వేస్తారు. తొమ్మిదో తరగతి పిల్లకు అది వస్తే పదకొండో తరగతి లెక్కలు వచ్చేసినట్టు కాదు. తొమ్మిదో తరగతి ప్రశ్నపత్రాన్ని పదకొండో తరగతి పిల్లలు సగటున ఎంత బాగా రాస్తారని అంచనా వేశారో తనూ అంత బాగా రాసిందని మాత్రమే అర్థం. మీ రిపోర్టులో ఆ గడి లేకపోవడం మంచిదే.

అసలు 53 అన్నది కూడా కచ్చితమైన అంకె కాదు. ఏ పరీక్షకైనా కొలతలో కొంత దోషం ఉంటుంది. ఆ రోజు నిద్ర చాలకపోవచ్చు, ఊహించి పెట్టిన రెండు జవాబులు కలిసిరావచ్చు, తనకు తెలిసిన రకం ప్రశ్నలే ఎక్కువ పడవచ్చు. మీ రిపోర్టు చివరి పేజీలో ఈ పరీక్ష ప్రామాణిక దోషం 3 పాయింట్లని రాశారు. అంటే పాప అసలు స్థాయి 50కీ 56కీ మధ్య ఉండే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు. దాన్ని పర్సంటైల్‌లోకి మారిస్తే 50 నుంచి 73 వరకు. ఇంకా గట్టి నమ్మకం కావాలంటే రెండు దోషాల వెడల్పు తీసుకోవాలి, అప్పుడు 38 నుంచి 82 దాకా వస్తుంది. ఒక పిల్ల ఏం చదవాలో ఇంత వెడల్పున్న పట్టీని చూసి తేల్చేయవచ్చా?

ఈ పట్టీలు దగ్గర పెట్టుకుని వాళ్ల నాన్నగారి మాట పరిశీలిద్దాం. భాష 79, సంఖ్యలు 62, కాబట్టి పాప భాషల పిల్ల అని వారి వాదన. టి-స్కోర్లలో భాష 58, సంఖ్యలు 53, తేడా అయిదు పాయింట్లు. రెండు స్కోర్లలోనూ దోషం ఉంటుంది కనుక తేడాలో దోషం ఇంకా పెద్దది, సుమారు 4.2 పాయింట్లు. దానికి కనీసం రెట్టింపు, అంటే ఎనిమిది పాయింట్లకు పైగా తేడా ఉంటేనే అది నికరమైన తేడా అని ధైర్యంగా అంటాం. అయిదు పాయింట్ల తేడా ఇంకో రోజు రాస్తే తగ్గిపోవచ్చు, తిరగబడినా ఆశ్చర్యం లేదు. భాష పట్టీ 69 నుంచి 86, సంఖ్యల పట్టీ 50 నుంచి 73, రెండూ ఒకదాని మీదకు ఒకటి వస్తున్నాయి. ఈ కాగితాన్ని బట్టి పాపను భాషల వైపు నెట్టడానికి ఆధారం లేదు. పాపకు భాషలంటే ప్రేమ ఉంటే అది వేరే సంగతి, అది తన నోటి నుంచి రావాలి.

మీరిద్దరూ లెక్కల గొడవలో పడి పట్టించుకోనిది 27. ఆకారాల విభాగంలో టి-స్కోరు 44. భాషతో తేడా 14 పాయింట్లు, సంఖ్యలతో 9. ఈ తేడాలు కొలత దోషం వల్ల వచ్చాయని కొట్టిపారేసేవి కావు. దీని పట్టీ 18 నుంచి 38 వరకే ఉంది, మిగతా రెండింటినీ తాకడం లేదు. ఒక వస్తువును మనసులో తిప్పి చూడటం, విప్పిన కాగితాన్ని మడిస్తే ఏ పెట్టె అవుతుందో ఊహించడం, ముందు నుంచీ పక్క నుంచీ పై నుంచీ గీసిన మూడు బొమ్మలు చూసి అసలు వస్తువును పోల్చుకోవడం వంటివి ఇందులో అడుగుతారు. ఇంజనీరింగ్‌లో కొన్ని శాఖల్లో ఇది నిత్యం కావాలి. అమ్మాయి కోరిక ఇంజనీరింగ్ అన్నారు కనుక, రిపోర్టు మొత్తంలో పనికొచ్చే కబురు ఇదొక్కటే.

అలాగని ఇది అడ్డుగోడ అనుకోకండి. ఆకారాలను ఊహించే నైపుణ్యం సాధనతో పెరుగుతుంది. 2013లో డేవిడ్ ఉట్టల్, మరికొందరు కలిసి 217 పరిశోధనలను ఒకచోట చేర్చి విశ్లేషిస్తే, శిక్షణతో ఈ నైపుణ్యం మెరుగవుతోందనీ, ఆ మెరుగు కొంతకాలం నిలుస్తోందనీ తేలింది. అమెరికాలోని మిషిగన్ టెక్నలాజికల్ యూనివర్సిటీలో షెరిల్ సార్బీ 1990ల నుంచి దీన్ని ఆచరణలోనే చూపించారు. ఇంజనీరింగ్‌లో చేరిన విద్యార్థులకు ఆకారాల పరీక్ష పెట్టి, తక్కువ వచ్చినవాళ్లకు ప్రత్యేక కోర్సు నడిపారు. ఆ కోర్సు చదివినవాళ్ల స్కోర్లు పెరిగాయి, తర్వాతి కోర్సుల్లో మార్కులూ మెరుగయ్యాయి. ఆ కోర్సులో ముఖ్యమైన పని చేత్తో బొమ్మలు గీయడం. కాబట్టి ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. ఘనాకారపు దిమ్మెలు కొన్ని పేర్చి, దాన్ని నాలుగు వైపుల నుంచి చూస్తే ఎలా ఉంటుందో పాపను చూడకుండా గీయమనండి, తర్వాత చుట్టూ తిరిగి సరిచూసుకోమనండి. కాగితం మడతలు, అట్టతో పెట్టెలు చేయడం, ఫోనులో త్రిమితీయ బొమ్మలు గీసే యాప్ ఏదైనా సరే. చేత్తో గీయడం మాత్రం మానకూడదు. ఇన్నాళ్లూ తనకు ఇలాంటి పని చేసే అవకాశమే రాలేదేమో కూడా ఆలోచించండి. చిన్నప్పుడు దిమ్మెలు, మరలు, పనిముట్లు చేతికి అందని పిల్లలకు ఈ విభాగంలో తక్కువ రావడం వింతేమీ కాదు.

ఇంజనీరింగ్‌కు వెళ్లగలదా అంటే, ఈ రిపోర్టు వెళ్లగలదనీ చెప్పదు, వెళ్లలేదనీ చెప్పదు. లెక్కల టీచరును కలిసి స్కూలు పరీక్షల జవాబు పత్రాలు ముందు పెట్టుకుని ఒక గంట కూర్చోండి. పోయిన మార్కులు ఎక్కడ పోతున్నాయి? కూడికలో తొందరపాటు వల్లనా, ప్రశ్న అర్థం కాకనా, తెలియని రకం లెక్క ఎదురైతే వదిలేయడం వల్లనా? మొదటిదాన్ని అలవాటుతో సరిచేయవచ్చు, మూడోదానికి మాత్రం ఇప్పటి నుంచే పని పెట్టుకోవాలి. ఇంకా, ప్రవేశ పరీక్షల దశకు వచ్చినప్పుడు పోలిక మళ్లీ మారుతుందని గుర్తుంచుకోండి. అక్కడ రాసేది అందరు పిల్లలూ కాదు, ఆ చదువు కావాలని సిద్ధపడి వచ్చినవాళ్లే. పది లక్షల మంది రాసిన పరీక్షలో 90 పర్సంటైల్ వచ్చిందంటే, సుమారు లక్ష మంది ముందున్నట్టు. సీట్లు పదివేలైతే 99 కావాలి. ఇవాళ్టి 62ను అక్కడి అంకెలతో పక్కపక్కన పెట్టి ‘ఇంకా 37 పెరగాలి’ అని లెక్కలు వేయకండి, ఆ తీసివేతకు అర్థం లేదు.

వాళ్ల నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఈ ఉత్తరం చూపించండి, అభ్యంతరం లేదు. పాపతో మాత్రం అంకెలతో కాకుండా పట్టీలతో మాట్లాడండి. ‘సంఖ్యల్లో నువ్వు నడిమి నుంచి కాస్త పైదాకా ఎక్కడో ఉన్నావు, భాషలోనూ దాదాపు అక్కడే, ఆకారాల మీద కొంచెం పని ఉంది’ అంటే చాలు. తనకేమనిపిస్తోందో అడిగి, ఏ విభాగం రాస్తుంటే సమయం తెలియలేదో, ఏది విసుగనిపించిందో చెప్పమనండి. ఆ జవాబు విలువ మీ దగ్గరున్న రిపోర్టులో లేదు.

మళ్లీ రాయించాలా అని అడిగారు. ఇప్పుడు వద్దు. అదే ప్రశ్నపత్రం కొద్ది నెలల్లో రాస్తే ప్రశ్నలు గుర్తుండటం వల్లే స్కోరు పెరుగుతుంది, ఆ పెరుగుదలకు మీరు సంతోషించినా దానివల్ల తెలిసేదేమీ ఉండదు. పైగా ఒకసారి బాగా తక్కువగానో ఎక్కువగానో వచ్చిన స్కోరు రెండోసారి సగటు వైపు జరగడం మామూలే. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల, పిల్లల ఎత్తుల్లో గమనించింది ఇదే. అందువల్ల 27 కాస్త పెరిగినా అది సాధన ఫలితమో, ఇలా సగటు వైపు జరగడమో చెప్పలేం. ఏడాది పాటు బొమ్మలు గీయించి, వచ్చే సంవత్సరం అదే పరీక్షకు రెండో ప్రశ్నపత్రం ఉంటే దానితో రాయించండి. చాలా పరీక్షలకు అలా సమానమైన రెండు పత్రాలు ఉంటాయి. రిపోర్టు వచ్చాక పర్సంటైల్ గడిని వదిలేసి, మూడు టి-స్కోర్లు, ప్రామాణిక దోషం, పోలిక నమూనా సంవత్సరం, ఈ మూడు వివరాలూ నాకు పంపండి.